ఎవరి బిళ్ళ వాళ్ళే ఇవ్వాలి

మా మేనకోడలు గ్రేస్ ఈమధ్య ఒక ఎమ్మెల్యే గారి ఆఫీసులో పి.ఏ.గా చేరింది. చేరిన రోజు సాయంత్రం స్వీటు ప్యాకెట్టు పట్టుకుని వచ్చి, "మావయ్యా, మీరు ఇదే పని ఇన్నేళ్ళు చేశారు కదా, నాకేమన్నా చెప్పండి" అంది. నేను తడుముకోకుండా, "ఫోన్ ఎప్పుడూ ఛార్జింగు ఉండేట్టు చూసుకో, ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరు" అన్నాను. రెండూ మంచి సలహాలే. కానీ ఆ పిల్ల మొహం చూస్తే నేను మాట దాటేశానని కనిపెట్టేసిందని తెలిసింది.

నిజంగానే దాటేశాను. ఆ రోజుల గురించి నోరు తెరిస్తే నాకు ఏడుపొచ్చేస్తుంది. మా ఆవిడ ముందైతే ఫరవాలేదు గానీ చిన్నపిల్ల ముందు బాగుండదు. అందుకని రాస్తున్నాను. గ్రేస్ లాగా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్ళకి కూడా పనికొస్తుంది. జీవోలు, సిఫార్సులు, అపాయింట్‌మెంట్లు ఎలాగూ ఆఫీసులో నేర్పుతారు. వాటి జోలికి నేను పోను.

ఓట్లు లేని ఊళ్ళో ఆఫీసు

నేను పనిచేసింది వెంకటరత్నం గారి దగ్గర. అందరూ రత్నం గారనేవాళ్ళు. ఆయన ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే వాళ్ళింట్లో పుట్టారు. మీసాలు రాకముందే జంగారెడ్డిగూడెం బస్సెక్కి, ఆ పైన అడవి దాటి, బొగ్గు గనుల్లో తట్టలెత్తే పనికి వెళ్ళిపోయారు. అక్కడే కార్మిక సంఘం నాయకుడయ్యారు. అక్కడే ఎమ్మెల్యే అయ్యారు. అప్పటికి రాష్ట్రం ఒక్కటే.

నేనేమో గుండుగొలను మిషన్ బడి మాస్టారి అబ్బాయిని. టైపు హయ్యర్ పాసయ్యాను. గనిలోకి జన్మలో ఒక్కసారే దిగాను, దిగినంతసేపూ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. అలాంటి నన్ను తీసుకుని ఏలూరులో స్టేషన్ రోడ్డులో ఒక గది అద్దెకి తీసుకుని కూర్చోబెట్టారు రత్నం గారు. గదిలో ఒక ఫోను, ఒక బెంచీ, మంచినీళ్ళ కుండ, నేను.

మొదట్లో నాకు ఆ లెక్కే అర్థం కాలేదు. ఆయన నియోజకవర్గం బస్సులో నాలుగు గంటల దూరం. ఏలూరులో ఆయనకి ఓటు వేసేవాడు ఒక్కడూ లేడు. ఆ మాటే అడిగితే నవ్వారు. "కరుణాకరం, గనిలో పనిచేసేవాడి ఓటు అక్కడుంటుంది. వాడి మనసు మాత్రం శనివారం మధ్యాహ్నానికే ఇక్కడికి వచ్చేస్తుంది" అన్నారు.

అది నిజం. ఉంగుటూరు కాలవ కింది ఊళ్ళ నుంచి, భీమడోలు నుంచి, కొల్లేటి ఒడ్డున మండవల్లి, కైకలూరు చుట్టుపక్కల నుంచి ఎంతోమంది మగవాళ్ళు ఆ గనుల్లో ఉండేవారు. కొందరికి అక్కడ క్వార్టర్లు దొరికేవి. దొరకనివాళ్ళు, ముసలివాళ్ళని వదిలి రాలేనివాళ్ళు భార్యల్ని ఇక్కడే ఉంచేవారు. శనివారం మొదటి షిఫ్టు అయిపోగానే ఏలూరు బస్సొకటి ఉండేది. దానికోసం వాళ్ళు పరుగెత్తడం చూస్తే గనిలో పనిచేసి వచ్చినవాళ్ళని ఎవరూ అనుకోరు.

ఇక్కడి ఇళ్ళల్లో ఏ కష్టం వచ్చినా ఆడవాళ్ళు నా గదికి వచ్చేవారు. ఆస్పత్రిలో మంచం దొరకలేదని, స్కూల్లో సీటు ఇవ్వడంలేదని, ఆయన ఫోన్ చేసి చాలా రోజులైందని. అందరూ మన గోదావరి మర్యాదతోనే మాట్లాడేవారు. "ఏవండీ, మీకు ఇబ్బంది లేకపోతేనే చెప్పండి" అంటూ మొదలెట్టేవాళ్ళు. అసలు సంగతి మంచినీళ్ళు తాగి, లేచి, గుమ్మం దాకా వెళ్ళాక బయటికొచ్చేది. అందుకే గ్రేస్, నీ దగ్గరికి వచ్చినవాళ్ళని గుమ్మం దాకా సాగనంపడం నేర్చుకో. నేను సగం పని గుమ్మం దగ్గరే చేశాను.

పెళ్ళిచూపులకు ఎమ్మెల్యే

నవ్వుతారేమోగానీ, మా రత్నం గారు అసెంబ్లీలో కంటే పెళ్ళిచూపుల్లోనే బాగా మాట్లాడేవారు. గనిలో పనిచేసే కుర్రాడికి పిల్లనివ్వడానికి మన డెల్టాలో భయపడేవాళ్ళు. పొలం ఎండినా పండినా కళ్ళ ముందు ఉంటుంది, భూమి కిందికి వెళ్ళినవాడి సంగతేంటి అని వాళ్ళ బెంగ. అప్పుడు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నా గదికి వచ్చి, "అయ్యగారు ఒకసారి వస్తే బాగుంటుందండి" అనేవారు. ఆయన వచ్చేవారు. సగం ఆ కాఫీ, పూతరేకుల కోసం వస్తారని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

తాడేపల్లిగూడెంలో అలాంటిదొకటి నాకు బాగా గుర్తు. పిల్ల పేరు నాగమణి. వాళ్ళ నాన్న ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి. ఇల్లంతా ఉల్లి వాసన. పెళ్ళికొడుకు ఏడుకొండలు, మండవల్లి దగ్గర కొల్లేటి గట్టు మీది ఊరు, గనిలో చేరి కొన్నేళ్ళయింది. కుర్రాడు తలొంచుకుని కూర్చున్నాడు. పిల్ల తండ్రి అన్నీ విని, చివరికి చేతులు నలుపుకుంటూ, "తప్పుగా అనుకోకండి, పొద్దున్న కిందికి దిగినవాడు సాయంత్రం పైకొస్తాడని మాకు ఎవరు చెప్తారండీ?" అని అడిగాడు.

రత్నం గారు జేబులోంచి ఒక పాత ఇత్తడి బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టారు. తను గనిలో పనిచేసినప్పటిది, నంబరు అరిగిపోయింది. "ప్రతి మనిషికీ ఇలాంటి బిళ్ళ ఒకటి ఉంటుందండి. దిగేముందు కిటికీ దగ్గర తీసుకుని వెళ్తాడు. పైకొచ్చాక తిరిగి ఇస్తే, బోర్డు మీద వాడి మేకుకి తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఆ మేకు నిండేదాకా వాడి కోసం వెతకాల్సిందేనండి, ఎవరూ ఇంటికి పోడానికి లేదు. దానికి నేను పూచీ" అన్నారు.

పెద్దాయన బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి తీసుకెళ్ళి పిల్లకి కూడా చూపించాడు. పెళ్ళి కుదిరింది. తర్వాత కొంతకాలానికి నాగమణి అన్న సూరిబాబు కూడా బావతో పాటు ఆ గనిలోనే చేరాడు. నాగమణి మాత్రం కొల్లేటి ఊళ్ళో ముసలి అత్తగారి దగ్గర ఉండిపోయింది.

ఆయనతో పడటం

రత్నం గారు దేవుడు అని నేను రాయను. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు కూడా. మైకు దొరికితే వదిలేవారు కాదు. ఇంకో సంఘం నాయకుడి పేరు వింటే ఆ పూట అన్నం సరిగా తినేవారు కాదు. ఎవరైనా అడగడం ఆలస్యం, "అయిపోయిందనుకో" అనేసేవారు. ఆ అయిపోయిన పనుల వెనక నేను నెలల తరబడి తిరిగేవాణ్ణి. ఫోన్లో అరిచేవారు. ఒకసారి నేను రిసీవరు బల్ల మీద పెట్టి, కుండలో నీళ్ళు నింపుకొచ్చి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే ఇంకా అదే వాక్యంలో ఉన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి వంక పెట్టలేను. చెడ్డ వార్తైనా మంచి వార్తైనా ఇంటికి మనమే తీసుకెళ్ళాలి, టీవీ తీసుకెళ్ళకూడదు అనేవారు. అప్పటికే ఇళ్ళల్లో వార్తల చానళ్ళు వచ్చేశాయి. గనిలో రాయి కదిలినా తెర కింద ఎర్ర అక్షరాలు పరుగెత్తేవి, ఎవరు, ఎక్కడ అన్నది మాత్రం ఉండేది కాదు. ఆ అక్షరాలు ఇక్కడ ఎన్ని పొయ్యిలు ఆర్పేవో నాకు తెలుసు. "వెళ్ళి చెప్పు. కూర్చుని చెప్పు. చెప్పగానే లేచి వచ్చేయకు, వాళ్ళు ఏమంటారో విను" అని నాకు ఆయన ఆజ్ఞ. మొదటి రెండూ నాకు తేలిగ్గానే అలవడ్డాయి. మూడోది ఎందుకో ఆ శనివారం దాకా నాకు తెలిసిరాలేదు.

ఆ శనివారం

మొదటి షిఫ్టు అయిపోయే వేళకి గనిలో ఒకచోట పైకప్పు కూలింది. రత్నం గారు ఆ రోజు గనుల ఊళ్ళోనే ఉన్నారు. వెంటనే అక్కడికి వెళ్ళారు. కాసేపటికి నాకు ఫోన్ చేశారు.

"కరుణాకరం, కూలింది మన ఏడుకొండలు పనిచేసే వైపే. భయం లేదు. ఇద్దరికి దెబ్బలు తగిలాయి, ఆస్పత్రికి పంపించాం. మిగతా అందరూ పైకొచ్చేశారు. బోర్డు నేనే చూశాను, ఒక్క మేకూ ఖాళీ లేదు. టీవీ వాళ్ళు అప్పుడే మొదలెట్టారు. నువ్వు పోయి నాగమణికి చెప్పు" అన్నారు. లోపల ఎవరూ లేరు గనక రాళ్ళు తీసే పని సోమవారం చూసుకోవచ్చని మేనేజరు అంటే సరేనన్నారట. ఆ సంగతి కూడా నాకు అప్పుడే చెప్పారు, ఆ గొంతులో ఊరటే తప్ప ఇంకేం లేదు.

నేను కైకలూరు బస్సెక్కాను. కొల్లేటి మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద కొంగలు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ ఎదురొచ్చే చేపల లారీలు. మంచి వార్త మోసుకెళ్తున్నాను గనక నాకు అంతా అందంగానే కనబడింది. కైకలూరులో దిగి ఆటో పట్టుకుని వాళ్ళ ఊరు చేరాను.

నాగమణి ఇంటి ముందు అప్పటికే నలుగురు ఆడవాళ్ళు పోగై ఉన్నారు. టీవీ నాకంటే ముందే వచ్చేసిందన్నమాట. నన్ను చూడగానే ఆవిడ లేచి నిలబడింది. "అందరూ పైకి వచ్చేశారమ్మా, ఏం భయం లేదు, అయ్యగారు బోర్డు స్వయంగా చూశారు" అన్నాను. పక్కవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. అత్తగారు కూలబడి ఏడ్చేసింది. నాగమణి మాత్రం కదల్లేదు.

"ఆయన ఫోన్ చేయలేదండి" అంది.

"హడావిడిలో ఉండి ఉంటారమ్మా."

"కాదండి. శనివారం బస్సెక్కే ముందు మా ఊరి కిరాణా కొట్లో ఫోన్‌కి చేస్తారండి. బస్సెక్కుతున్నాను, నీళ్ళు కాచి పెట్టు అంటారు. ఎక్కలేకపోతే ఎక్కలేదని చేస్తారండి. పెళ్ళయిన కాణ్ణించీ ఒక్క వారం తప్పలేదండి. ఈ రోజు కొట్టు దగ్గరే నిలబడ్డానండి నేను."

నేను మళ్ళీ బోర్డు సంగతి చెప్పాను. ఆవిడ గట్టిగా ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పింది నిజమేనండి. మీ అయ్యగారు చూసిందీ నిజమేనండి. ఆయన మాత్రం పైకి రాలేదండి" అంది, అదే మెత్తని గొంతుతో.

నిజం చెప్తున్నాను, నాకు లేచి వచ్చేయాలనిపించింది. చెప్పమన్నది చెప్పాను కదా. కానీ వాళ్ళు ఏమంటారో విను అన్న ఆజ్ఞ ఒకటి ఉండిపోయింది. నాగమణిని తీసుకుని కిరాణా కొట్టుకి వెళ్ళి, గని ఆఫీసులో ఉన్న రత్నం గారికి ఫోన్ చేశాను.

"నేను చూశానంటే వినపడదా నీకు? నా కళ్ళతో చూశానయ్యా!" అని అరిచారు.

"ఆవిడ నమ్మడం లేదండి."

"ఎందుకు నమ్మదు?"

"మీరే అడగండి" అని రిసీవరు నాగమణి చేతికిచ్చాను. ఎమ్మెల్యే గారిని అలా ఇరికించడం పి.ఏ. చేయకూడని పని. అయినా చేశాను, ఇప్పటికీ మంచి పనే చేశాననుకుంటున్నాను.

ఆవిడ నాకు చెప్పిందే ఆయనకీ చెప్పింది. చివర్లో, "మీరు తాడేపల్లిగూడెంలో మా నాన్నకి బిళ్ళ చూపించారు కదండీ. నేను దాన్ని నమ్మే ఒప్పుకున్నానండి. ఇప్పుడు మీరు ఆయన్ని చూడండి. బిళ్ళని కాదండి" అంది.

ఆ తర్వాత ఆయన గొంతు నాకు కూడా వినిపించింది. "అమ్మా, నేను మళ్ళీ లోపలికి వెళ్తున్నానమ్మా. నువ్వు కరుణాకరంతో ఏలూరు వెళ్ళు. ఆ బస్సులో సూరిబాబు వస్తుంటాడు. మీ అన్నని పట్టుకుని అడగండి."

రెండు సంచులు

ఆ వేళప్పుడు బస్సు లేదు. ఏలూరు వెళ్ళే చేపల లారీ ఒకటి ఆపి, డ్రైవరు పక్కన కూర్చున్నాం. డ్రైవరు సంగతి తెలుసుకుని రేడియో కట్టేశాడు. నాగమణి వాళ్ళాయన్ని పెళ్ళిచూపుల్లో నేనూ చూశాను కదా, ఆ తలొంచుకున్న కుర్రాడే నా కళ్ళ ముందు తిరుగుతున్నాడు.

బస్టాండు చేరేసరికి గనుల ఊరి బస్సు అప్పుడే లోపలికి తిరుగుతోంది. జనం దిగుతున్నారు. సూరిబాబు దిగాడు. ఒక భుజాన తన సంచి, రెండో భుజాన ఇంకో సంచి. చెల్లెల్ని చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"బావ ఏడన్నయ్యా?" అంది నాగమణి.

"బావా? బస్సు దొరకలేదే. తర్వాత బస్సుకి వస్తాడు. సంచి నా దగ్గరే ఉండిపోయింది."

"ఏడుకొండలు బిళ్ళ కిటికీలో ఎవరిచ్చారు?" అని నేనడిగాను.

అతనికి ఇంకా ఏమీ తెలియదు. పైకప్పు కూలకముందే పైకొచ్చి బస్సెక్కేశాడు. "నేనేనండి" అన్నాడు మామూలుగా. "పైకి నడిచొస్తుంటే సగం దారిలో బావకి క్యారేజీ మర్చిపోయిన సంగతి గుర్తొచ్చిందండి. క్యారేజీ లేకుండా వెళ్తే మీ చెల్లి ఊరుకోదు, నువ్వు నా బిళ్ళ కూడా ఇచ్చేసి బస్సులో సీటు ఆపు అని వెనక్కి వెళ్ళాడండి. శనివారం అందరం అలాగే చేస్తామండి. కిటికీ దగ్గర వరస ఎక్కువుంటుంది కదండీ, ఒకడు పది బిళ్ళలు పట్టుకుపోయి ఇచ్చేస్తాడు."

నాగమణి ఆ సంచి అతని భుజం మీంచి తీసుకుని గుండెలకి ఆనించుకుంది. "ఆ క్యారేజీ పోతే పోయింది కదండీ" అని నాతో అంది. అన్నతో కాదు, నాతో. ఆ మాట తల్చుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు కళ్ళు చెమరుస్తాయి.

బస్టాండులో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పాను. రత్నం గారు అప్పటికే మనుషుల్ని పోగేసి రాళ్ళు తీయిస్తున్నారట. సూరిబాబు మాట వినేదాకా మేనేజరు, బోర్డు నిండా ఉంటే ఎవరి కోసం వెతుకుతున్నారని అడుగుతూనే ఉన్నాడట. నా ఫోను తర్వాత ఆ ప్రశ్న ఆగిపోయింది.

మేం ముగ్గురం నా గదిలోనే ఫోను దగ్గర కూర్చున్నాం. మా ఆవిడ అన్నం తెచ్చింది గానీ ఎవరూ ముట్టలేదు. తెల్లారింది. ఆదివారం కావడంతో చర్చి గంటలు మొదలయ్యాయి, నేను వెళ్ళలేదు. రెండో ఆరాధన గంట కొడుతుండగా ఫోను మోగింది.

"ఆవిడకివ్వు" అన్నారు రత్నం గారు. గొంతు పూర్తిగా పోయింది. నాగమణి రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుంది. నేనూ చెవి దగ్గరగా పెట్టాను.

"అమ్మా, మనిషి దొరికాడు. మాట్లాడుతున్నాడు. కాలు విరిగింది, అతుక్కుంటుందన్నారు డాక్టరు. అన్నట్టు, క్యారేజీ సొట్టపోయిందంట, నీకు చెప్పొద్దన్నాడు."

ఆవిడ నవ్వుతూనే ఏడ్చింది. సూరిబాబు గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. నేను కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను, ఆ పూట నాకు చేతనైంది అదొక్కటే.

బస్సు తప్పించిన నాయకుడు

ఆ మర్నాడే రత్నం గారు బిళ్ళలు తీసుకున్న గుమాస్తా మీద విరుచుకుపడ్డారు. ఆ సంగతి దాచను. గుమాస్తా కిటికీలోంచి చేతులు చూస్తాడే తప్ప మొహాలు చూడడు, అతనేం చేస్తాడు పాపం. ఈయనకి కూడా కోపం తగ్గాక అర్థమైంది. తరవాతి వారం నన్ను వెంటబెట్టుకుని కొల్లేటి ఊరు వచ్చి, నాగమణి ఇంటి అరుగు మీద కూర్చుని, "నేను బోర్డు చూసి మనిషిని చూశాననుకున్నానమ్మా. నువ్వు ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణి" అన్నారు. పొరపాటు ఒప్పుకోవడానికి ఓట్లు లేని ఊరు దాకా వచ్చిన ఎమ్మెల్యేని నేను మళ్ళీ చూడలేదు.

ఆ పైన పట్టుబట్టి కొత్త పద్ధతి తెప్పించారు. ఎవరి బిళ్ళ వాళ్ళే, తన చేత్తో, తన మొహం చూపించి ఇవ్వాలి. ఒకడి చేతిలో రెండు బిళ్ళలు కనిపిస్తే తీసుకోరు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. దానివల్ల శనివారం కిటికీ దగ్గర వరస గేటు దాకా సాగింది. వరస చివరి వాళ్ళకి ఏలూరు బస్సు అందేది కాదు. తర్వాతి బస్సు పొద్దుపోయాక గానీ లేదు, అది జంగారెడ్డిగూడెంలోనే ఆగిపోయేది.

బస్సు ఒక అరగంట ఆలస్యంగా కదిలేట్టు చేయమని రత్నం గారు తిరగని చోటు లేదు. నేను కూడా తిరిగాను. కాదని ఎవరూ అనలేదు. చూద్దామండి, చేద్దామండి అన్నారు. మన జిల్లాలో ఆ మాటలకి అర్థం ఏమిటో నాకు తెలుసు, ఆయనకి గనుల్లో ఉండి ఉండి మరుపొచ్చింది. రెండో కిటికీ పెట్టించమని మేనేజరుని అడిగారు. అది కూడా తర్వాతి మాటే అయింది.

ఈలోగా గనుల్లో గుసగుసలు మొదలయ్యాయి. రత్నం గారికేం, కారులో వెళ్తారు, బస్సు పోగొట్టుకునేది మనం అని. ఎన్నికల్లో ఆయనకి పోటీగా నిలబడిన ఇంకో సంఘం నాయకుడు ప్రతి మీటింగులోనూ, "మీ శనివారం మీకు తెచ్చిస్తాను" అనేవాడు. అంతకంటే ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. నేను రత్నం గారితో, ఎన్నికలు అయ్యేదాకా కాస్త చూసీచూడనట్టు వదిలేయమన్నాను. ఇలాంటి సలహా ఇవ్వడం కూడా పి.ఏ. పనే, సిగ్గుపడాల్సిందేం లేదు. ఆయన నా మొహంలోకి చూసి, "నాగమణి ఫోన్లో ఏమందో నువ్వూ విన్నావు కదయ్యా" అన్నారు. మళ్ళీ ఆ మాట నేనెత్తలేదు.

ఓడిపోయారు. పెద్ద తేడా కాదు గానీ ఓటమి ఓటమే.

బకెట్టులో కొర్రమీను

ఎన్నికల తర్వాత ఏలూరు గది ఖాళీ చేయాల్సి వచ్చింది. బెంచీ ఎవరికో ఇచ్చేశాం. రత్నం గారు ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి స్టేషన్ రోడ్డు చూస్తున్నారు. మనిషి బాగా నలిగిపోయారు. ఓడినందుకు కాదు, తన వాళ్ళే ఓడించినందుకు. "నేనేమన్నా తప్పు చేశానంటావా?" అని అప్పటికి ఎన్నోసారో అడిగారు. నేను లేదండి అంటూనే ఉన్నాను. నా మాట ఆయనకి చాలేది కాదు.

అప్పుడు గుమ్మంలో ఏడుకొండలు, నాగమణి కనిపించారు. అతని కాలు అతుక్కుంది, నడకలో కొంచెం ఈడుపు ఉండిపోయింది. గనిలో తేలిక పనికి మార్చారు, అయినా లోపలికి దిగడం తప్పలేదు. నాగమణి చేతిలో మూత పెట్టిన స్టీలు బకెట్టు, అందులో నీళ్ళల్లో టపటపా కొట్టుకుంటున్న చేప.

"కొల్లేటి కొర్రమీనండి. మా అత్త మీకిమ్మని పంపించిందండి" అంది. ఆపైన తడబడుతూ, "నాకక్కడ ఓటు లేదండి. ఉంటే మీకే వేసేదాన్నండి" అంది.

రత్నం గారు నవ్వారు. తర్వాత ఆ నవ్వు అలాగే ఉంచుకుని భర్త వైపు తిరిగారు. "నీకు ఉంది కదా. నువ్వు వేశావా ఏడుకొండలూ నాకు?"

ఆ ప్రశ్న అడగకూడదు. రాజకీయాల్లో ఎవరూ అడగరు. ఏడుకొండలు పెళ్ళిచూపుల్లో లాగే తలొంచుకున్నాడు. నాగమణి అతని మొహంలోకి చూసింది. చెప్పండి అంది, మెల్లిగా.

"లేదండి" అన్నాడు.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. పాపం, ఆవిడకీ తెలియదు.

"ఏం?" అన్నారు రత్నం గారు.

"శనివారం బస్సు అందటం లేదండి. ఆదివారం ఏ పదింటికో ఇల్లు చేరుతున్నానండి. మళ్ళీ మధ్యాహ్నం బయల్దేరిపోవాలి. కోపమొచ్చిందండి." అని, "తప్పేనండి" అన్నాడు.

రత్నం గారు కుర్చీ అతని వైపు తిప్పుకుని కూర్చున్నారు. ఓడిపోయిన నెలలో ఆ మొహంలో నేను చూడనిదేదో అప్పుడు మళ్ళీ కనిపించింది.

"ఇప్పుడు నీ బిళ్ళ ఎవరిస్తున్నారు?" అని అడిగారు.

"నేనేనండి."

"శనివారం కూడా?"

"శనివారం కూడానండి. నా చేత్తోనే ఇస్తున్నానండి."

"ఇంకేం మరి" అన్నారాయన. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు. "ఏమయ్యా కరుణాకరం, నిలబడి చూస్తావేం? ఆ బకెట్టు అందుకో. అమ్మాయికి చెయ్యి లాగేస్తోంది."